ఎర్ర కమానుకి ఇవతల

మా నాన్న గురువారం పోయారు. నాకు శనివారం సాయంత్రం తెలిసింది. ఆ మధ్యలో నేను వేడినీళ్ళ స్నానాలు చేశాను, మోటెల్లో పాన్‌కేకులు తిన్నాను, మా ఆయన వేసిన ఒక పాత జోకుకి నవ్వాను కూడా. ఆయనకి మాత్రం గురువారం మధ్యాహ్నమే తెలుసు. ఈ సంగతి ఎవరికి చెప్పినా, పోనీలే జయశ్రీ, నీ మంచికే చేసుంటాడు అంటారు. ఆ మంచేమిటో మొదట్నుంచీ చెబుతాను, మీరే చూడండి. ఇంకో మాట. మా ఆయన్ని గురించి 'అన్నారు', 'చేశారు' అనడం నేను ఆ శనివారంతో మానేశాను.

మా వాళ్ళలో చావు కబురు తిన్నగా చెప్పే అలవాటు లేదు. సీరియస్‌గా ఉంది, బయల్దేరి రండి అంటారు. ఆడదానికైతే ఆ మాట కూడా చెప్పరు. మొగుడి చెవిన వేసి, మీరే మెల్లగా చెప్పండి అని చేతులు దులుపుకుంటారు. మెల్‌బోర్న్‌లో ఉన్న నా తమ్ముడు యోగానంద్ సరిగ్గా అదే చేశాడు. కంప్యూటర్ ఇంజనీరు, ఈ దేశం వచ్చి చాలా ఏళ్ళయింది, ఆఫీసులో పదిమంది తెల్లవాళ్ళ మీద పెత్తనం చేస్తాడు. అయినా ఆ రోజు మా ఇంటికి ఫోన్ చెయ్యలేదు. మెల్‌బోర్న్‌కి ఉత్తరాన దాదాపు వెయ్యి మైళ్ళ దూరంలో మేముండే టూవూంబాలో, మా ఆయన పాఠాలు చెప్పే కాలేజీకి చేశాడు. నేను ఆ సమయానికి ఇంట్లోనే ఉన్నాను, ఫోను పక్కన కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాను.

నాన్న పేరు వాసుదేవరావు. తునిలో పశువుల డాక్టరుగా రిటైరయ్యారు. అమ్మ పోయాక యోగి ఆయన్ని తీసుకొచ్చి తన దగ్గర పెట్టుకున్నాడు. అక్కడి వీధిలోవాళ్ళు తమ కుక్కల్ని ఎత్తుకొచ్చి కంచె మీదుగా నాన్నకి చూపించేవారు. ఆయన తెలుగులో కుక్కని మందలించి, ఇంగ్లీషులో యజమానికి మందు చెప్పేవారు. ఎనభై తొమ్మిది ఆగస్టులో గుండె పాడై హాస్పిటల్లో చేరారు. సరిగ్గా అప్పుడే ఇక్కడి పైలట్లు సమ్మె కట్టి, విమానాలు వదిలేసి ఇళ్ళలో కూర్చున్నారు. దేశంలో ఎక్కడివాళ్ళు అక్కడే చిక్కుకుపోయారు. రోజూ నేను వెళ్తాననడం, మా ఆయన విమానాలు తిరగనీ అనడం. బస్సులో పోతానంటే నా బీపీ గుర్తు చేశాడు. కారులో పోదామంటే ఆయన నడుం గుర్తు చేశాడు. ఆదివారం ఫోన్లో నాన్న, "ఎప్పుడొస్తావే?" అని అడిగారు. విమానాలు తిరగ్గానే వస్తానన్నాను. అవి తిరుగుతాయిలే అన్నారు, ఒంట్లో బాగాలేనిది తనకి కాదు, నాకే అన్నట్టు. ఆయనతో నేను మాట్లాడిన చివరి మాటలు అవే.

గురువారం యోగి మా ఆయనకి చెప్పింది ఇదీ. నాన్న పోయారు. అక్క వస్తానంటే కారులోనో బస్సులోనో వచ్చేదాకా ఆపుతాం, మంగళవారం దాకానైనా ఆపుతాం. ఇక్కడ అందుకు వీలుంది, మన ఊళ్ళోలాగా సాయంత్రానికల్లా తీసుకుపోనక్కర్లేదు. అంటే నాన్న ముఖం చివరిసారిగా చూసుకోవడానికి నా ముందు బోలెడంత టైమ్ పరిచి ఉంది. నేను చెయ్యాల్సిందల్లా కారెక్కడం. మా ఆయన నాకు చెప్పాల్సిందల్లా ఒక్క మాట.

ఆ మాట చెప్పకుండా, పెందరాళే ఇంటికొచ్చి, నడుం పట్టేసింది, రేపు వేడినీళ్ళూరు పోదాం అన్నాడు.

వేడినీళ్ళూరు అని మేం పెట్టుకున్న పేరు. న్యూసౌత్‌వేల్స్ సరిహద్దు దాటాక న్యూవెల్ హైవే మీద ఉంటుంది. భూమి లోపల్నుంచి కాగిన నీళ్ళు పైకి పొంగుతాయి, వాటికి కొలనులు కట్టారు. మా అమ్మాయి శ్రీదివ్య ఎలాగూ స్కూలు క్యాంపులో ఉంది. నాకు మనసు బాగాలేక ఎక్కడికైనా పోతే బాగుండుననే ఉంది. సరేనన్నాను.

ద్వారకానాథ్ గారికి, అంటే మా ఆయనకి, ఆచారం మహా పట్టింపు. ఎవరి అంత్యక్రియలకైనా వెళ్ళొస్తే పెరట్లో బట్టలారేసే తీగల కింద నిలబడి, నేను బకెట్‌తో తలమీద నీళ్ళు గుమ్మరిస్తేనే ఇంట్లో అడుగు పెడతాడు. ఇక్కడి చలికాలం, జూలైలో కూడా అంతే. పక్కింటాయన జాలిపడి ఒకసారి హోస్ పైపు అందించబోయాడు. అయినవాళ్ళు పోతే మైల. మైల ఉన్నన్నాళ్ళూ దేవుడి దగ్గర దీపం పెట్టకూడదు, గుడి గడప తొక్కకూడదు. కబురు చెవిన పడగానే తలస్నానం చెయ్యాలి. తండ్రి పోతే పెళ్ళయిన కూతురికి మూడు రోజులు. ఇవన్నీ ఆయనకి కంఠతా వచ్చు, ఎవరికి సందేహమొచ్చినా సిడ్నీ పక్కనున్న గిరావీన్ నుంచి కూడా ఫోన్లు చేసి అడుగుతారు.

అలాంటి మనిషి, శుక్రవారం పొద్దున నేను దీపం పెట్టబోతే టైమ్ లేదు పద అన్నాడు. శుక్రవారం దీపం లేకుండా మా ఇంట్లో కాఫీ కూడా కాచరు. నడుం నొప్పి చిరాకేమో అనుకున్నాను. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మనిషి మీద అనుమానం అంత తేలిగ్గా రాదు.

సరిహద్దు మీది ఊరు గూండివిండీ దాటాక స్టీరింగ్ నేను తీసుకున్నాను. ఆ రోడ్డు వంకర లేకుండా దక్షిణానికి, మెల్‌బోర్న్ వైపు పోతుంది. ఇద్దరం మార్చుకుంటూ ఆగకుండా నడిపితే రేపు పొద్దుటికల్లా నాన్న దగ్గరుంటాం కదా అని అడిగాను. సరదాకి అడగలేదు, ఆయన ఊఁ అంటే అలాగే పోనిచ్చేదాన్ని. ఆయన కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ, నా నడుం విరగ్గొడతావా ఏంటి అన్నాడు. అప్పటికి నాన్న బతికి లేరు. కానీ ముఖం ఉంది. దారీ ఉంది, కారూ ఉంది, ట్యాంకు నిండా పెట్రోలుంది. ఇప్పటికీ నా కడుపు మండేది ఆ చోటు తలుచుకుంటేనే.

శనివారం పొద్దున కొలనుకి వెళ్ళాం. చుట్టూ ముసలి పోలిష్ వాళ్ళు, గ్రీకులు, మోకాళ్ళు పట్టుకుని మెడదాకా నీళ్ళలో కూర్చుని వాళ్ళ వాళ్ళ భాషల్లో రాజకీయాలు మాట్లాడుకుంటున్నారు. తల నీళ్ళలో ముంచరాదు అని పెద్ద బోర్డు పెట్టారు. మా ఆయన బోర్డుకి ఎదురు తిరిగే మనిషి కాదు, గడ్డి మీద నడవరాదంటే చుట్టూ తిరిగొచ్చే రకం. ఆయన నా పక్కకి వచ్చి, తలారా మునుగు అన్నాడు. బోర్డు చూపించాను. పర్లేదు, మూడుసార్లు మునుగు అన్నాడు. మీకేమైనా పిచ్చా అన్నాను. ఒంటికి మంచిదట, మునుగు అని మళ్ళీ అన్నాడు. నవ్వుకుంటూ మునిగాను. గట్టు మీద మనిషి విజిలేశాడు. జుట్టంతా గంధకం వాసన.

మోటెల్‌కి వచ్చి చీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని, వంకరగా ఉందా అని ఆయన్నే అడిగాను. బాగానే ఉంది అన్నాడు. నా ముఖంలోకి తిన్నగా చూసే చెప్పాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మోటెల్ ఆవిడ మాటల్లో, ఊరికి అవతల జపాన్ వాళ్ళ గుడి ఉందని చెప్పింది. ఏదో జపాన్ కంపెనీ పత్తి పొలం కొని, అక్కడ పెద్ద స్నానాల హోటల్ కడతామని, ముందుగా నేల దేవుడికి చిన్న గుడి కట్టిందట. హోటల్ మాత్రం ఇంకా రాలేదు. యుద్ధం తర్వాత ఆస్ట్రేలియా సైనికుణ్ణి పెళ్ళాడి వచ్చిన ఒక జపాన్ ముసలావిడ ఆ గుడిని ఊడ్చి కనిపెట్టుకుని ఉంటుందట. నాకు వెంటనే వెళ్ళాలనిపించింది. టూవూంబాలో గుడి లేదు, ఇంట్లో దీపం పెట్టి రెండు రోజులైంది. ఏ దేవుడైతేనేం, నాన్నకి తగ్గాలని ఒక దణ్ణం పెట్టుకుంటాను అన్నాను. మా ఆయన ఎండన్నాడు, నడుమన్నాడు, మనకేం సంబంధం వాళ్ళ దేవుళ్ళతో అన్నాడు. తాళాలు నా బ్యాగులోనే ఉన్నాయి. మీరు పడుకోండి, నేనొక్కదాన్నే పోతాను అన్నాను. ఆ మాటతో గబుక్కున లేచి వచ్చి కారెక్కాడు.

గుడి అంటే మన గుడిలాంటిది కాదు. యూకలిప్టస్ చెట్ల మధ్య తెల్ల గులకరాళ్ళు పరిచిన దారి. దారి మొదట్లో రెండు స్తంభాల ఎర్ర కమాను, తలుపుల్లేవు, గోడల్లేవు. కమాను పక్కన రాతి తొట్టిలో నీళ్ళు, దాని మీద వెదురు గరిటె. దారి చివర చిన్న చెక్క గూడు, దాని ముందు కాపలాగా, మెడకి ఎర్ర గుడ్డ కట్టిన రెండు రాతి నక్కలు. మనుషులెవరూ లేరు. ఒక్క ముసలావిడ మాత్రం పొడుగు చీపురుతో ఆకులు ఊడుస్తోంది. అంత నిశ్శబ్దం నేను ఆ మధ్యకాలంలో ఎక్కడా వినలేదు, ప్రాణం కాస్త కుదుటపడింది.

ఆవిడ పేరు మిసెస్ హార్పర్. కొత్తవాళ్ళు రావడం అరుదనుకుంటాను, సంతోషంగా చీపురు చెట్టుకి ఆనించి వచ్చింది. ముందు ఎడమ చెయ్యి, తర్వాత కుడి చెయ్యి కడుక్కోవాలని, దోసిట్లో నీళ్ళు పోసుకుని నోరు పుక్కిలించాలని, గరిటె మాత్రం పెదవికి తగలకూడదని చేసి చూపించింది. ఎంగిలన్న మాట ఒక్కటి తప్ప అంతా మా బామ్మ చెప్పినట్టే ఉంది. తర్వాత, చెప్పులు ఇక్కడ విడవండి అన్నంత మామూలుగా ఇంకో మాట చెప్పింది.

"ఈమధ్య మీ ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే మాత్రం కమాను దాటకండి. తప్పని కాదు. దుఃఖం తీరాక మళ్ళీ రండి, ఈ గుడి ఎక్కడికీ పోదు."

నాకు ముచ్చటేసింది. మా దగ్గరా ఇంతేనని ఆవిడకి ఇంగ్లీషులో చెప్పాను. చూశారా, అచ్చం మనలాగే అని మా ఆయనకి తెలుగులో చెప్పాను. మా ఇంట్లో అందరూ క్షేమమే, మా నాన్నకే కాస్త ఒంట్లో బాగాలేదు, అందుకే వచ్చాను అని కూడా ఆవిడతో అన్నాను. ఆవిడ తల వంచి, మంచిది, వెళ్ళండి అంది. నేను చేతులు కడుక్కుని, పుక్కిలించి, కొంగుతో తుడుచుకున్నాను. ఆయన తొట్టి దగ్గరికి కూడా రాలేదు. రండి అని పిలిచాను. కదల్లేదు. సరే, మీ ఇష్టం అని నేను కమాను వైపు తిరిగి అడుగు ఎత్తాను.

గబుక్కున వచ్చి నా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాడు. పెళ్ళిలో తప్ప నలుగురిలో నా చెయ్యి పట్టుకున్న మనిషి కాదు.

"వద్దు జయా. నువ్వు వెళ్ళకూడదు."

ఎందుకని అడగబోయాను. ఆయన ముఖం చూశాక ఆ ప్రశ్న అవసరం లేకపోయింది. దీపం పెట్టనివ్వకపోవడం, బోర్డుని కాదని తల ముంచడం, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి.

"ఎవరు?" అన్నాను.

"మావగారు."

"ఎప్పుడు?"

"గురువారం."

"ఎక్కడున్నారిప్పుడు?"

మా ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. "అయిపోయుంటుంది జయా. మధ్యాహ్నానికే బుక్ చేశారు."

మిసెస్ హార్పర్‌కి తెలుగు రాదు. కానీ ఆవిడ ఒక్క చూపు చూసి, చీపురు తీసుకుని గూడు వెనక్కి వెళ్ళిపోయింది. మమ్మల్ని మాకు వదిలేసింది.

నేను కారు వైపు తిరిగాను. ఆయన ఏదో చెబుతూనే ఉన్నాడు. నీ బీపీ అన్నాడు. విమానాల్లేవు అన్నాడు. అంత దూరం కారంటే నా వల్ల కాదు అన్నాడు. రేపు ఇంటికెళ్ళాక మెల్లగా చెబుదామనుకున్నా అన్నాడు. చివరికి ఇంకో మాట కూడా అన్నాడు, దాన్ని మాత్రం నేను చచ్చేదాకా మర్చిపోను. "పొద్దున నీకు తలస్నానం కూడా చేయించాను కదా." నాకు తెలియకుండా నా చేత నా తండ్రి చావుకి స్నానం చేయించి, చెయ్యాల్సింది చేసేశానని నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. నేను ఆ తడిజుట్టు ఆరకముందే బొట్టు పెట్టుకుని ఆయన్నే అడిగాను, వంకరగా ఉందా అని.

నాతో అబద్ధమాడటానికి ఆయనకి జంకు లేదు. కారులో పక్కన కూర్చుని, ఒకే మంచం మీద పడుకుని, కళ్ళలోకి చూస్తూ ఆడాడు. ముక్కూ మొహం తెలియని ఆ రెండు రాతి నక్కల ముందు మాత్రం ఆడలేకపోయాడు. వాటికి మైల తగిలితే పాపం చుట్టుకుంటుందని భయం. నాకు చేసినదానికి ఏ పాపమూ చుట్టుకోదని ధీమా. ఆ క్షణంలో ఆయన్ని అసహ్యించుకున్నాను. తర్వాత తగ్గుతుందేమో అనుకున్నాను గానీ పెద్దగా తగ్గలేదు.

ఊళ్ళోకి వచ్చి పెట్రోలు బంకు పక్కన ఫోన్ బూత్ దగ్గర కారాపాను. ఆయన వద్దన్నాడు, మోటెల్‌కెళ్ళి తీరిగ్గా చేద్దామన్నాడు. వినకుండా దిగాను. యోగి ఎత్తాడు. వెనక జనం మాటలు వినిపిస్తున్నాయి. కార్యక్రమం ముగించుకుని అప్పుడే ఇంటికొచ్చారట.

"అక్కా, లేచావా? టాబ్లెట్ వేసుకుని పడుకున్నావని బావ పొద్దున చెప్పాడు."

"నాకిప్పుడే తెలిసిందిరా యోగీ."

వాడు గొంతు తగ్గించాడు. "ఇప్పుడే ఏంటక్కా? గురువారమే నువ్వన్నావటగా, నాన్నని అలా చూడలేను, నాకోసం ఆపొద్దు, కానిచ్చేయండి అని. లేకపోతే ట్యూస్‌డే దాకా ఆపేవాళ్ళం. ఫ్యూనరల్ వాళ్ళు ఓకే అన్నారు కూడా."

చావు కబురు దాచాడనుకున్నాను. నా నోటితో జవాబు కూడా ఆయనే చెప్పేశాడు. నా తండ్రిని నేను చూడనన్నానని, నా గొంతు అరువు తెచ్చుకుని మరీ చెప్పాడు.

"నేనలా అనలేదురా. నన్నెవరూ అడగలేదు."

"బావకివ్వక్కా ఫోను," అన్నాడు యోగి.

ఇచ్చాను. అదొక్కటి చెయ్యకుండా ఉండాల్సింది. ఆయన నాకు వీపు తిప్పి, ఎంతో మెత్తగా, ఎంతో ఓపిగ్గా మాట్లాడాడు. "షాక్‌లో ఉంది యోగీ. ఏం మాట్లాడుతోందో తనకే తెలియట్లేదు పాపం. నువ్వేం అనుకోకు. నేను చూసుకుంటాలే." ఆ గొంతు వింటే నేనైనా నమ్మేసేదాన్ని.

నేను వెళ్ళి కారెక్కాను. ఆయన బూత్‌లో ఇంకా తల ఊపుతూ మాట్లాడుతూనే ఉన్నాడు. కారు హైవే ఎక్కించి దక్షిణానికి తిప్పాను. ఇల్లు ఉత్తరాన ఉంది. ఆయన నడుం పట్టీ, మందుల సంచీ వెనక సీట్లోనే ఉన్నాయి. ఉండనీ అనుకున్నాను. దారిలో ఎక్కడ ఆగానో, ఏం తిన్నానో గుర్తు లేదు. ముఖం మాత్రం గుర్తు తెచ్చుకుంటూ నడిపాను, నాన్న ముఖం. ఒక్కోసారి మీసం వచ్చేది, కళ్ళు వచ్చేవి కావు.

ఆదివారం మెల్‌బోర్న్ చేరేసరికి యోగి ఇంటి గుమ్మం నిండా చెప్పులు. లోపల తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. నన్ను చూసి మాటలు ఆపారు. జాలితో కాదు, ఏదో వింత చూసినట్టు. అక్కడి తెలుగు కుటుంబాలన్నిటికీ పెద్దదిక్కు విద్యావతి ఆంటీ. ఆవిడే లేచి వచ్చి నన్ను గుండెకి హత్తుకుంది. చాలా మంచి మనిషి, నాన్న హాస్పిటల్లో ఉన్నన్నాళ్ళూ క్యారియర్ ఆవిడే పంపింది.

"ఏడు తల్లీ, ఏడు. చూడలేనన్నావట, తప్పేం లేదమ్మా. ఒక్కొక్కళ్ళ గుండె ఒక్కోలా ఉంటుంది. పెట్టె మూత వేసేముందు అక్క కోసం ఒక ఫోటో తీయించనా ఆంటీ అని యోగి అడిగాడు. నేనే వద్దన్నాను. చూడలేనన్న పిల్లకి ఫోటో ఇచ్చి ఎందుకు బాధపెట్టడం అని."

ఆవిడ చేతులు విడిపించుకున్నాను. అలా అన్నది నేను కాదని, నాకు ఎవరూ చెప్పలేదని, చెప్పి ఉంటే పాక్కుంటూనైనా వచ్చేదాన్నని గదిలో అందరికీ వినపడేలా చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. యోగి తల దించుకుని నేల చూస్తున్నాడు. ఎవరూ నన్ను కాదనలేదు, ఎవరూ అవునని కూడా అనలేదు. విద్యావతి ఆంటీ ఎంతో ప్రేమగా నా తల నిమిరి, వంటింటి వైపు తిరిగి చెప్పింది.

"ద్వారకానాథ్ చెప్పింది నిజమే, పిల్ల షాక్‌లో ఉంది. ఎవరైనా కాస్త కాఫీ పట్రండమ్మా."

ఎవరో గబగబా తెచ్చి నా చేతిలో పెట్టారు.